రిమ్ము కొనేముందు తిప్పి చూడండి

క్రితం వానాకాలంలో మా మేనల్లుడి జీపు చెరువులోకి జారింది. పూర్తిగా కాదు లెండి. కైకలూరు దగ్గర వాళ్ల చేపల చెరువు గట్టుమీద వెళ్తుంటే ఎడమవైపు చక్రాలు రెండూ అంచు దిగాయి. బండి పక్కకి ఒరిగి, గట్టు వాలులో ఉన్న కొబ్బరిచెట్టుకి ఆనుకుని ఆగింది. వెనక వేసిన తవుడు బస్తాలు నాలుగు నీళ్లలో పడ్డాయి. వాడికి మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. చేపలకి మాత్రం ఆ పూట పండగే.

మా బావ ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి లాగాం. బండి పైకి వచ్చాక వాడు ఒకటే మాట అంటున్నాడు. "రోజూ వెళ్లే దారే మావయ్యా. రోజూ వెళ్లినట్టే వెళ్లాను. ఒక్క అంగుళం అటూ ఇటూ పోలేదు."

వాడు అబద్ధం చెప్పలేదు. వాడు కూర్చున్న సీటు మారలేదు, చేతిలోని స్టీరింగు మారలేదు, అద్దంలోంచి గట్టు కనిపించే తీరూ మారలేదు. మారినవి చక్రాలు. అంతకు పదిహేను రోజుల ముందే వాడు కొత్త రిమ్ములు వేయించాడు. నల్లటి రంగు, లోతైన గిన్నెలాంటి ముఖం, బాడీలోంచి బయటికి పొడుచుకొచ్చిన లావు టైర్లు. చూడటానికి బండి ఛాతీ విరుచుకుని నిలబడినట్టే ఉంది. కానీ చక్రం అంచు పాత చోటుకంటే రెండున్నర అంగుళాలు బయటికి వచ్చిన సంగతి వాడి కళ్లకి తెలుసుగానీ, డ్రైవింగుకి అలవాటు పడిన ఒంటికి తెలియదు. ఎన్నో ఏళ్లుగా గట్టు అంచుకి జానెడు దూరంలో నడిపిన మనిషి, అదే లెక్కన నడిపాడు. ఆ జానెడులో రెండున్నర అంగుళాలు కొత్త రిమ్ము తినేసింది.

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఇలాంటి బండ్లు ఈమధ్య చాలా కనిపిస్తున్నాయి. చెరువుల యజమానుల పిల్లలూ, రైసుమిల్లుల వాళ్ల పిల్లలూ ముచ్చటపడి వేయించుకుంటున్నారు. ముచ్చట పడటం తప్పని నేననను, ఆ వయసులో నేనూ స్కూటరుకి రంగుల బల్బులు పెట్టించినవాణ్నే. కాకపోతే రిమ్ముల దుకాణంలో వాళ్లు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: బోల్టులు సరిపోతాయా? సరిపోతాయనగానే బేరం మొదలు. అడగాల్సిన రెండో ప్రశ్న రిమ్ము వెనక్కి తిప్పితేగానీ కనపడదు. దాని పేరు ఆఫ్‌సెట్. దాని చుట్టమే బ్యాక్‌స్పేసింగ్.

అప్పడాల కర్ర, జల్లెడ

పేర్లకి భయపడకండి. వంటింట్లోకి వెళ్లి జల్లెడ తెచ్చుకోండి.

జల్లెడకి చుట్టూ ఒక కట్టు ఉంటుంది, ఒక అంచున వల ఉంటుంది. ఆ కట్టు రిమ్ము అనుకోండి, టైరు ఎక్కేది దానిమీదే. వల ఏమో రిమ్ము మధ్యలో బోల్టులుండే పళ్లెం. ఇప్పుడు అప్పడాల కర్ర కొనకి ఆ వలని ఆనించండి. ఆ కర్ర బండి ఇరుసు. జల్లెడని ఒకలా పట్టుకుంటే కట్టంతా కర్రకి అవతలకి, అంటే వీధిలోకి పోతుంది. తిప్పి పట్టుకుంటే అదే కట్టు వెనక్కి వచ్చి కర్రని కప్పేస్తుంది, అంటే బండి కిందికి వస్తుంది. కర్ర కదల్లేదు, జల్లెడ పెరగలేదు. వల ఎటువైపు ఉందన్న దాన్నిబట్టి చక్రం నిలబడే చోటు మారిపోయింది. ఆఫ్‌సెట్ అంటే ఇంతే.

కట్టుకి సరిగ్గా నడిమధ్యన వల ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. మధ్యగీత నుంచి వీధివైపుకి జరిగి ఉంటే ప్లస్. చక్రం బండి లోపలికి దూరుతుంది. మధ్యగీత నుంచి ఇంజనువైపుకి జరిగి ఉంటే మైనస్. చక్రం బయటికి వస్తుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ప్లస్ అంటే బయటికి పెరగడం అనుకుంటారు. కాదు, చక్రం లెక్కలో ప్లస్ అంటే లోపలికి. ఇవాళ్టి కార్లలో ఎక్కువభాగం ప్లస్ రిమ్ములతోనే వస్తాయి.

ఈ అంకెని మిల్లీమీటర్లలో, రిమ్ము వెనకనో పళ్లెం మీదనో అచ్చుపోస్తారు. దానికి ముందు ఈటీ అని రెండక్షరాలుంటాయి. అది ఒక జర్మన్ మాటకి పొట్టిరూపం. ఆ పక్కనే 7జె, 8జె అని మరో గుర్తు ఉంటుంది. అది అంగుళాల్లో రిమ్ము వెడల్పు.

బ్యాక్‌స్పేసింగ్ అమెరికా వాళ్ల పాత పద్ధతి, జీపుల వాళ్లకి ఇప్పటికీ ఇదే ఇష్టం. మధ్యగీత గొడవ లేకుండా, రిమ్ము వెనక అంచు నుంచి పళ్లెం హబ్బుకి ఆనే చోటుదాకా ఎన్ని అంగుళాలుందో నేరుగా కొలిచేస్తారు. ఎక్కువ వస్తే చక్రం లోపలికి, తక్కువైతే బయటికి. స్ప్రింగుకో బ్రేకు గొట్టానికో టైరు రాసుకుంటుందా అని చూడాల్సినప్పుడు ఈ కొలతే అక్కరకొస్తుంది, ఎందుకంటే లోపల ఎంత జాగా కావాలో సూటిగా చెప్పేది ఇదే.

ఒకదాన్నుంచి ఇంకోటి రాబట్టవచ్చు. రిమ్ము మొత్తం వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్ కలిపితే (మైనస్ అయితే తీసేస్తే) బ్యాక్‌స్పేసింగ్ వస్తుంది. ఒక్క మెలిక ఉంది. 7జె అంటే టైరు కూర్చునే చోట వెడల్పు 7 అంగుళాలని. అంచులు రెండూ కలుపుకుంటే ఇంకో అంగుళం దాకా ఉంటుంది. ఆ అంగుళం మర్చిపోతే లెక్క మొత్తం అరంగుళం తప్పుతుంది. అరంగుళమేగా అనుకోకండి, టైరుకీ స్ప్రింగుకీ మధ్య ఉండే సందు చాలా బండ్లలో అంతకంటే పెద్దగా ఏమీ ఉండదు.

మావాడి రిమ్ముల సంగతే చూద్దాం. పాత రిమ్ము వెనక 7జె, ప్లస్ 40 అని ఉంది. అంచులతో కలిపి 8 అంగుళాలు, అంటే 203 మి.మీ. సగం 101.6. దానికి 40 కలిపితే 141.6 మి.మీ., అంటే అయిదున్నర అంగుళాల పైచిలుకు బ్యాక్‌స్పేసింగ్. కొత్త రిమ్ము 8జె, మైనస్ 12. అంచులతో 9 అంగుళాలు, 228.6 మి.మీ. సగం 114.3, అందులోంచి 12 తీసేస్తే 102.3. సుమారు 4 అంగుళాలు.

లోపలి అంచు 39 మి.మీ. బండికి దూరం జరిగింది. సరే, అందుకేం బాధలేదు. బయటి అంచు మాత్రం 65 మి.మీ. బయటికి వచ్చింది. ఒక్కోవైపు రెండున్నర అంగుళాలు, రెండువైపులా కలిపి అయిదు. రిమ్ము పెరిగింది ఒక్క అంగుళమే కదా, అందులో బయటివైపు వచ్చేది అరంగుళమే కదా అనుకుంటాం. మిగతా రెండంగుళాలూ ఆ మైనస్ పుణ్యమే. దుకాణంలో వాడికి చెప్పింది "ఒక అంగుళం వెడల్పు" అని మాత్రమే.

బావ చెప్పిన పాఠం

ఈ లెక్కంతా కాగితం మీద వేసి మా బావకి చూపించాను. ఆయన పెద్దగా చదువుకోలేదు, నలభై ఏళ్లుగా ట్రాక్టరు తోలుతున్నాడు. కాగితం వంక ఒకసారి చూసి పక్కన పెట్టేశాడు. "దీనికింత లెక్కేంటి బావా? ట్రాక్టరు చక్రం తిరగేసినట్టేగా" అన్నాడు.

నిజమే. ఆఫ్‌సెట్ మనకి కొత్తగా వచ్చిన సంగతేం కాదు, పేరే కొత్త. ట్రాక్టరు వెనక చక్రం గమనించండి. దాని పళ్లెం చదునుగా ఉండదు, గిన్నెలా లోతుగా ఉంటుంది. ఆ గిన్నె బోర్లా బిగించారా, వెల్లకిలా బిగించారా అన్నదాన్నిబట్టి రెండు చక్రాల మధ్య దూరం మారుతుంది. పళ్లేనికీ రిమ్ముకీ మధ్య విడిగా బోల్టులుంటాయి, అక్కడా ఇటో అటో మార్చవచ్చు. ఇన్ని రకాలుగా కలిపితే ఒకే ట్రాక్టరుకి ఇరుకు నుంచి బాగా వెడల్పుదాకా మెట్లు మెట్లుగా కొలతలు వస్తాయి. తాడేపల్లిగూడానికి ఎగువన మెట్టలో మొక్కజొన్న వరసల మధ్య తోలాలంటే చక్రాలు సాళ్లలో పడేలా సర్దుకోవాలి. పల్లంలో బరువు తొట్టి లాగాలంటే ఇంకో కొలత. రైతు ఆ పని చేసేటప్పుడు అంకె చూడడు, జానా బెత్తెలతో చూస్తాడు. చేసేది మాత్రం ఆఫ్‌సెట్ మార్పే.

అందులో ఒక సూక్ష్మం ఉంది. చక్రం తిరగేస్తే టైరుమీద గొరకల దిశ కూడా తిరగబడుతుంది. ముందుకి పట్టాల్సిన పళ్లు వెనక్కి పడతాయి, బురదలో పట్టు పోతుంది. అందుకని కుడి చక్రాన్ని ఎడమకీ ఎడమదాన్ని కుడికీ మార్చి బిగిస్తారు. టైరు పక్కన వేసిన బాణం గుర్తు మళ్లీ ముందుకే తిరగాలి. దిశ ఉన్న టైర్లు వేసుకున్న జీపుల వాళ్లకీ ఇది పనికొస్తుంది.

"మరి ట్రాక్టరుకి చక్రాలు బయటికి పెడితే ఏం కాలేదుగా నాన్నా" అని మావాడు అడిగాడు. బావ నవ్వాడు. "ఏరా, దానికి ఇరుసు ఎంత లావుంది, నీ జీపుకి ఎంత లావుంది? అది అలా మార్చుకోవడానికే కంపెనీవాడు కట్టాడు. నీది అలా కట్టాడా?"

ఆ ఒక్క ప్రశ్నలో ఇంజనీరింగంతా ఉంది. దమ్ముకి వేసే ఇనప చక్రాల సంగతి చూడండి. రొంపిలో కూరుకోకుండా తేలేందుకు టైరు పక్కన బిగిస్తారు. పొలంలో నేల మెత్తన, వేగం తక్కువ కాబట్టి చెల్లుతుంది. అదే చక్రాలతో తారురోడ్డెక్కితే రోడ్డూ పాడు, ఇరుసు బేరింగులకీ దెబ్బే. ఎందుకంటే బరువు మోసే చోటు బేరింగుకి దూరమైపోయింది. నిండు బిందెని చంకలో పెట్టుకుంటే మోయగలం, అదే బిందెని చెయ్యి చాపి పట్టుకోమంటే నాలుగు అడుగులు వెయ్యలేం. బిందె బరువు ఒకటే. మావాడి జీపులో ప్రతి హబ్బూ ఆ బిందెని 52 మి.మీ. ముందుకి చాపి పట్టుకుని తిరుగుతోంది. చక్రం మధ్యగీత జరిగింది అంత. గుంతలో పడ్డప్పుడల్లా ఆ చెయ్యి విదిలించినట్టవుతుంది. బేరింగులు, బాల్‌జాయింట్లు ముందుగా అరగడం ఇందుకే. అది ఒక్కరోజులో తెలియదు. ఏడాది తరవాత చక్రంలోంచి గుర్రుమని శబ్దం వచ్చినప్పుడు రిమ్ములు మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

స్టీరింగు మాత్రం మొదటిరోజే చెప్పేస్తుంది. ముందు చక్రం కుడికీ ఎడమకీ తిరిగేటప్పుడు ఒక ఏటవాలు గీత చుట్టూ తిరుగుతుంది, తలుపు బందు చుట్టూ తలుపు తిరిగినట్టు. ఆ గీత నేలను తాకే చోటుకి టైరు మధ్యభాగం దగ్గరలో ఉండేలా కంపెనీవాళ్లు రిమ్ము ఆఫ్‌సెట్ నిర్ణయిస్తారు. చక్రాన్ని బయటికి జరిపితే ఆ దూరం పెరుగుతుంది. అప్పుడు ఒక చక్రం రాయెక్కినా, ఒకవైపే బురదలో పడినా స్టీరింగుని చేతిలోంచి గుంజేస్తుంది. మావాడు గట్టుమీద జారిన క్షణం గురించి చెబుతూ "స్టీరింగు దానంతటదే ఎడమకి లాక్కుపోయింది మావయ్యా" అన్నాడు. ఎడమ చక్రం అంచున మెత్తటి మట్టిలో దిగబడింది, కుడిది గట్టి నేలమీద ఉంది. లాక్కుపోక ఏం చేస్తుంది?

రిమ్ము బదులు హబ్బుకీ రిమ్ముకీ మధ్య స్పేసర్ అని ఒక బిళ్ల పెట్టించుకునేవాళ్లున్నారు. పేరు వేరు, పని ఒకటే. 25 మి.మీ. బిళ్ల పెడితే ఆఫ్‌సెట్‌లోంచి 25 తీసేసినట్టే. పైగా బిగింపులు రెండింతలవుతాయి. నాసిరకం బిళ్లయితే దానిమీద నాకు అస్సలు నమ్మకం లేదు.

ఈ మట్టికి ఏ చక్రం?

అసలు కొల్లేటి చుట్టుపక్కల నేల ఎలాంటిదో చూడకుండా రిమ్ము కొనడం, కొలత తియ్యకుండా చొక్కా కుట్టించడం లాంటిది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లపు నేల ఇది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన ఒండ్రు. ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడుతుంది, వాన పడితే సబ్బు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు దిగువకి వచ్చి చేరింది కూడా కొల్లేటికే. ఇక చెరువు గట్ల సంగతి చెప్పాలంటే, పైన పచ్చగా గడ్డి ఉంటుంది, దాని కింద అలలు కోసేసిన మట్టి, ఎండ్రకాయల బొరియలు. చూపుకి అంచులా కనపడేది నిజంగా అంచు కాదు. అసలు గట్టి నేల దానికి జానెడు లోపలే ఆగిపోతుంది.

అలాంటి గట్టుమీద బండి వెడల్పు పెరగడం మంచిదెలా అవుతుంది? వెడల్పు పెరిగితే బండి ఒరగదు, నిలకడ వస్తుందంటారు. చదును నేలమీద నిజమే. బండికి రెండువైపులా నీళ్లున్నచోట మాత్రం ముందు కావలసింది చక్రం కింద నేల.

గాడి సంగతి కూడా ఆలోచించండి. పుంతల్లో, కాలవ గట్లమీద ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు గాళ్లు పడతాయి. ఎండాక అవి రైలు పట్టాల్లా గట్టిపడతాయి. మీ బండి చక్రాలు ఆ గాళ్లలో పడితే హాయిగా పోతుంది. అటూ ఇటూ తేడా వస్తే ఒక చక్రం గాడిలో, ఒకటి మిట్టమీద. ఎడ్లబండ్ల కాలం నుంచీ ఉన్న తంటా ఇది. మీ దారి మీద ఎక్కువగా తిరిగే బండి ఏదో, దాని చక్రాల మధ్య దూరం ఒకసారి టేపు పెట్టి చూసుకోవడం మేలు.

మరి బురదకి లావు టైరు కావాలి కదా అంటారు. ఇది సగం నిజం. అడుగు తెలియని ఊబిలో తేలాలంటే వెడల్పు కావాలి. దమ్ము చక్రాల సూత్రం అదే. కానీ గట్లమీదా పుంతల్లోనూ ఉండేది పైన నాలుగైదు అంగుళాల జారుడు బురద, కింద గట్టి మట్టి. అక్కడ సన్నటి టైరు బురదని కోసుకుంటూ దిగి గట్టిమట్టిని పట్టుకుంటుంది. లావు టైరు పైపైన స్కేటింగు చేస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో మన తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి మైదానం కట్టారు కదా, ఆ యుద్ధమంతా బురదల్లో తిరిగిన విల్లీస్ జీపు టైరు వెడల్పు ఎంతో తెలుసా? 6 అంగుళాలు. రిమ్ము వెడల్పు నాలుగున్నర. 1947 తరవాత మహీంద్రావాళ్లు మనదేశంలో తయారుచేసిన జీపులూ చాలాకాలం ఆ సన్నటి టైర్లతోనే పల్లెలన్నీ తిరిగాయి. వాటిని చూసి ఎవరూ బురదకి పనికిరావనలేదు.

అందుకని నా మాటేంటంటే, ఇక్కడ తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన కొలత టైరే గొరకలు లోతుగా ఉన్నది వేసుకోండి. రిమ్ము మార్చాల్సి వస్తే పాత ఆఫ్‌సెట్‌కి వీలైనంత దగ్గరగా ఉన్నదే ఎంచుకోండి. అయిదో పదో మి.మీ. తేడాకి కొంపలేం మునగవు. యాభై అంటే మాత్రం బండి స్వభావమే మారిపోతుంది. మరీ లోపలికి వచ్చేదీ ప్రమాదమే. అప్పుడు టైరు స్ప్రింగునో స్టీరింగు రాడ్డునో రాస్తుంది, బ్రేకు గొట్టం కోసుకుపోయినా పోవచ్చు.

బోల్టుల దగ్గర మోసపోవద్దన్నాను కదా. 2020లో వచ్చిన థార్‌కీ, 2023లో మనదేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకీ అయిదేసి బోల్టులే. బోల్టులు నిలబడే వలయం రెండింటికీ 139.7 మి.మీ., అంటే అయిదున్నర అంగుళాలు. దీని రిమ్ము దానికి ఎక్కి కూర్చున్నంత మాత్రాన ఒకటే అయిపోదు. ఒకదాని టైరు వెడల్పు 195, ఇంకోదానికి 255 మి.మీ. దాకా వస్తుంది. బరువులో తేడా, రిమ్ము మోయగల బరువులో తేడా, మధ్య రంధ్రం కొలతలో తేడా. "ఎక్కిందండీ, ఇంకేం కావాలి" అనే దుకాణదారుకి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

టేపు, చెక్కబద్ద

పాత రిమ్ములు కొనేవాళ్లకి ఒక్కోసారి అంకె చెరిగిపోయి ఉంటుంది. అప్పుడు మీరే కొలవొచ్చు, పదినిమిషాల పని. టైరు లేని రిమ్మైతే మంచిది. ముఖం కిందకి ఉండేలా గోనెసంచి మీద బోర్లా పడుకోబెట్టండి. వెనక అంచుమీద అడ్డంగా ఒక వంకరలేని చెక్కబద్ద పెట్టండి. బద్ద అడుగు నుంచి, హబ్బుకి ఆనే చదును చోటుదాకా నిలువుగా టేపు దించండి. అదే బ్యాక్‌స్పేసింగ్. తరవాత రిమ్ము ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మొత్తం వెడల్పు కొలిచి, సగం చేసి, బ్యాక్‌స్పేసింగ్‌లోంచి తీసెయ్యండి. మిగిలింది ఆఫ్‌సెట్. మైనస్ వస్తే చక్రం బయటికని గుర్తు. ఇంట్లో పదోతరగతి చదివే పిల్లలుంటే వాళ్ల చేత చేయించండి. లెక్కల పుస్తకంలో ప్లస్సులూ మైనస్సులూ ఎందుకున్నాయని మళ్లీ అడగరు.

రిమ్ము బిగించాక దుకాణం దగ్గరే ఒకటి చెయ్యండి. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, టైరు మడ్‌గార్డుకీ బంపరుకీ లోపలి రాడ్లకీ ఎక్కడ దగ్గరవుతోందో చూడండి. ఖాళీ బండిలో కాదు, వెనక నలుగుర్ని కూర్చోబెట్టి. మావాడి బండికి ఈ పని చేసుంటే కుడికి పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు మూలని గీకడం ఆరోజే తెలిసేది. బురద తలుపులమీదికి, అద్దాలమీదికి ఎగజిమ్మడం మాత్రం వాన పడ్డాకే తెలిసింది. బాడీ దాటి బయటికొచ్చిన టైరుకి మడ్‌గార్డు ఉన్నా లేనట్టే. పక్కన స్కూటరుమీద వెళ్లేవాళ్ల శాపనార్థాలు అదనం.

చట్టం సంగతి ఒక్క ముక్క. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు చూసేది మీ ముచ్చట కాదు, బండికి మొదట ఏ చక్రాలుండేవి అనే. మా బావ ఈ భయంతోనే తవుడు బస్తాల నష్టం గురించి ఎవరికీ నోరెత్తలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మాది జిరాయితీ భూమిలో చెరువు కాబట్టి బండి వేసుకుని తిరుగుతున్నాం. కొల్లేటి లోపల సరదాగా బండి దౌడు తీయించే మైదానాలేం లేవు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. అక్కడ గూళ్లు కట్టుకునే గూడబాతులకి మీ రిమ్ము ఆఫ్‌సెట్ ఎంతైనా ఒకటే. దూరంగా ఆటపాకలో పడవెక్కి చూసి రండి.

మావాడి బండికి మళ్లీ పాత రిమ్ములే ఎక్కాయి, వాటిమీద పాత కొలతలోనే గొరకలెక్కువున్న టైర్లు. కొత్త రిమ్ములు నాలుగూ ట్రాక్టరు షెడ్డులో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై దాంట్లో మా అక్కయ్య కోడిపెట్ట గుడ్లు పెడుతోంది. వాటిని అమ్మేస్తాడని విని మొన్న ఆకివీడు నుంచి ఒక కుర్రాడు ఫోను చేశాడట. "బోల్టులు ఎన్నన్నా?" అనే అడిగాడట మొదట. "బోల్టుల సంగతి తరవాత తమ్ముడూ, ముందు నీ రిమ్ము తిప్పి వెనక అంకె చూసి చెప్పు" అన్నాడట మావాడు. ఆ కుర్రాడి నుంచి ఇంకా ఫోను రాలేదు.